పొయ్యిలో పిల్లి లేవని వంట

మన భాషలో పొయ్యికున్న పరువు ఇంతా అంతా కాదు. ఇంట్లో గింజ లేదని చెప్పవలసివస్తే 'పొయ్యిలో పిల్లి లేవలేదు' అంటాం. అన్నదమ్ములు విడిపోతే 'వేరే పొయ్యి పెట్టుకున్నారు' అంటాం. చావు జరిగిన ఇంట ఆ పూట పొయ్యి రాజెయ్యరు. ఇరుగుపొరుగువాళ్ళు అన్నం పంపుతారు. అంటే ఏమన్నమాట? పొయ్యి వెలగని ఇల్లు అయితే లేమిలోనైనా ఉండాలి, లేకపోతే మైలలోనైనా ఉండాలి. ఇంటినిండా సామాన్లూ చుట్టాలూ ఉండగా, నిప్పు ముట్టించకుండా నిమ్మళంగా కూర్చున్న ఇల్లాలికి తెలుగులో మాట లేదు. ఇరవయ్యేళ్ళుగా తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని గనక ఈ లోటు నాకు తెలియనిది కాదు. దాని మూలంగా మా అమ్మతో పేచీ వస్తుందని మాత్రం అనుకోలేదు.

పేచీకి కారణం ఒక మిఠాయి. దానికి తెలుగు పేరింకా స్థిరపడలేదు. బిస్కట్లు ఒక పొర, మీగడ ఒక పొర, మామిడిపండు గుజ్జు ఒక పొర, మళ్ళీ బిస్కట్లు. ఇలా డబ్బాలో పేర్చి, రాత్రికి రాత్రి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, మర్నాడు ముక్కలుగా కోసి పెట్టేది. పిల్లలు ఐస్ కేకు అంటారు. అమెరికాలో ఇళ్ళలోకి చలిపెట్టెలు వచ్చిన రోజుల్లో, 1920, 1930 ప్రాంతాల్లో, అక్కడి ఇల్లాళ్ళు బాగా వాడుకలోకి తెచ్చుకున్న వంట ఇది. పొరల మిఠాయి మనకేమీ కొత్త కాదనుకోండి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాని పూతరేకు కాగుతున్న కుండ మీద పుడుతుంది. మడతకాజా మరిగే నూనెలో పొరలు విప్పుకుంటుంది. మన పొరలన్నీ నిప్పుకి పుట్టిన బిడ్డలే. చలికి పుట్టిన పొర మా అమ్మ ఎరగదు.

మాది చిత్తూరు జిల్లా గంగవరం. మండల కేంద్రమే గాని, పలమనేరుకి ఆనుకొని ఉండడంవల్ల పై ఊరివాళ్ళకి పలమనేరు పేరు చెబితేగాని ఆనవాలు దొరకదు. చిత్తూరు నుంచి మొగిలి ఘాటు ఎక్కి వస్తే సముద్రమట్టానికి సుమారు 680 మీటర్ల ఎత్తున ఉంటాం. నీలగిరులు దొరల కంట పడకముందు మద్రాసులోని దొరలు ఎండలకి తాళలేక పలమనేరు వచ్చి ఉండేవారట. చిత్తూరు, తిరుపతులతో పోల్చుకుంటే ఇప్పటికీ మాది చల్లని ఊరే. కాని మిట్టమధ్యాహ్నం రేకుల కప్పు కింద, పెనం ముందు నిలబడిన మనిషికి ఈ పోలికలవల్ల ఒరిగేదేమీ లేదు.

మా ఇంట్లో ఏటా జూన్ నడిమి ఆదివారంనాడు, మామిడికోత సాగుతున్న రోజుల్లో, అందరం చేరతాం. ముళబాగిలు నుంచి పెద్దమ్మ, గుడియాత్తం నుంచి చిన్నమ్మ, బెంగుళూరులో ఉద్యోగాలు చేసుకునే వాళ్ళ పిల్లలూ, ఆ పిల్లల పిల్లలూ వస్తారు. కన్నడం కొంత, అరవం కొంత, మిగిలింది తెలుగూను. తలలు లెక్కపెడితే ఇరవై ఇద్దరు తేలతారు. ఆ రోజు అమ్మ ఓళిగలు చేస్తుంది. మీరు బొబ్బట్లు అన్నా, భక్ష్యాలు అన్నా అవే. ఓళిగ పెనం మీంచి విస్తట్లోకి రావాలిగాని డబ్బాలోంచి రాకూడదని ఆవిడ సిద్ధాంతం. మనిషికి నాలుగు చొప్పున ఎనభై ఎనిమిది. పదకొండింటికి పెనం ముందు నిలబడితే మళ్ళీ పక్కకి తప్పుకునేది రెండున్నరకి. ఆవిడ చేతులు కడుక్కొని కొంగుతో మొహం తుడుచుకొని వచ్చేసరికి భోజనాలు ముగిసి, కబుర్లు చల్లారి, పంచలో సగంమంది గురకలు పెడుతుంటారు. నాకు ఊహ తెలిసింది మొదలు, ఆ ఆదివారంనాడు అమ్మ పదిమందితో కలిసి కూర్చోగా నేను చూడలేదు. వదిన కాపరానికి వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. "పెనం నాకియ్యత్తా" అని ఆమె అడగడమూ, "నువ్వు వడ్డించుపోమ్మా" అని ఈవిడ అనడమూ ఏటా జరిగే తంతే.

2025 వేసవికి అమ్మకి డెబ్బైమూడేళ్ళు నిండాయి. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఎక్కువసేపు నిలబడవద్దని డాక్టరు చెప్పాడని వదిన ఫోనులో చెప్పింది. నేను శుక్రవారమే బస్సెక్కి వెళ్ళి, ఈసారి తీపి సంగతి నాకు వదిలెయ్యమనీ, దానికి పొయ్యి అక్కరలేదనీ చెప్పాను.

"పొయ్యి లేకండానా? చుట్టాలొచ్చిన ఇంట్లో పొయ్యి వెలక్కపోతే చూసేవాళ్ళేమనుకుంటారుమే? ఈ ఇంట్లో ఏమైందో ఏమో అనుకోరా?"

"సంకటీ, పులుసూ, కూరలూ వదిన ఎండెక్కకముందే చేసేస్తుంది. తీపికి మాత్రమే వద్దంటున్నాను."

"తీపికే గదా పొయ్యి కావాల్సింది! కూరలు ఎవురైనా చేస్తారు."

ఈ మాటని తేలిగ్గా తీసుకోకండి. వచ్చినవాళ్ళ కోసం ఒళ్ళు కాల్చుకోవడమే మర్యాద అని ఆవిడ లెక్క. చెమట పట్టకుండా పెట్టింది ఆవిడ దృష్టిలో పెట్టినట్టే కాదు. అటువంటి మనిషితో మోకాళ్ళనొప్పుల గురించి వాదిస్తే లాభం లేదు. వాదన ఆవిడ దారినే పోవాలి.

"అమ్మా, ఉగాది పచ్చడికి ఎప్పుడైనా పొయ్యి వెలిగించావా? శ్రీరామనవమికి పానకం ఏ పొయ్యి మీద కాస్తావు? వడపప్పో? పచ్చి చలిమిడో? సంవత్సరంలో మొట్టమొదట నోట పెట్టుకునే ముద్దా, సీతారాముల పెళ్ళి విందూ రెండూ నిప్పు తగలనివే గదా!"

ఆవిడ కాసేపు నా మొహంకేసి చూసింది. "దేవుడి పేరు చెప్పి నోరు మూయిస్తావే" అని, "సరే, ఏమేం కావాల్నో చెప్పు" అంది. గుజరాతులో శ్రావణమాసంలో శీతలా సాతమ్ అని ఒక పండుగ ఉందనీ, ఆ రోజు ఇంటింటా పొయ్యి ఆర్పేసి ముందురోజు వండినవే చల్లగా తింటారనీ, శీతలాదేవి మన గంగమ్మవంటి తల్లే అనీ కూడా చెప్పాలనుకున్నాను. గెలిచిన వ్యాజ్యంలో సాక్ష్యాలు పెంచకూడదని ఊరుకున్నాను.

ఇక వంట.

మామిడిపళ్ళకి వెతుక్కోనక్కర లేకపోయింది. వాకిట్లో రాసులుగా పడి ఉన్నాయి. మా వైపు తోటలన్నీ బెంగుళూరా కాయవే. తోతాపురి అన్నా, కోస్తావాళ్ళు కలెక్టరు మామిడి అన్నా అదే. చిలకముక్కులాగా కొన తిరిగి ఉంటుంది. చుట్టాలకి పెట్టే పండు బేనిషా. బెంగుళూరా ఫ్యాక్టరీకి తోలే పండు. దేశంలో సీసాల్లో అమ్మే మామిడి రసాల్లో చాలా భాగం ఈ గుజ్జే. అయితే 2025లో కాపు విరగ్గాసింది. ఫ్యాక్టరీల్లో అంతకుముందటి గుజ్జు నిలవలే అమ్ముడుపోకుండా ఉన్నాయి. ధర పడిపోయింది. కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 రూపాయలు ముట్టేటట్టు ప్రకటించారు గాని, ప్రకటన వేరు, ఫ్యాక్టరీ గేటు ముందు వరస వేరు. మా అన్న ట్రాక్టరు ఒక గేటు ముందు రెండు రాత్రులు నిలబడి వచ్చింది. దింపుకోగా మెత్తబడి మిగిలిన కాయలివి. ఇంట్లో ఎవరూ వాటి వంక సూటిగా చూడడం లేదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఈ వంటకి బేనిషా కన్న బెంగుళూరాయే మేలు. దీని కండ గట్టిది, పీచు లేదు, పులుపు కొంచెం మిగిలి ఉంటుంది. మీగడతో కలిసినప్పుడు ఆ పులుపు ఉంటేనే వెగటు రాదు. మూడు కిలోల పళ్ళు చెక్కుతీసి మిక్సీలో వేస్తే ఒకటిన్నర లీటరు పైన గుజ్జు వచ్చింది. లీటరుకి 150 గ్రాముల లెక్కన చక్కెర పొడి కలిపాను. ఈ చక్కెర తీపి కోసమే కాదు. ఉత్త నీళ్ళు సున్న డిగ్రీల దగ్గర రాయిలా గడ్డకడతాయి. చక్కెర కరిగిన నీళ్ళు అంతకన్న చల్లబడితేగాని గడ్డకట్టవు. కట్టినా ఒక్కపెట్టున కట్టవు. గడ్డ సందుల్లో కాస్తంత పాకం పలచగానే మిగిలిపోయి, మొత్తాన్ని చాకుకి లొంగేటట్టు ఉంచుతుంది. మామిడి గుజ్జులో నూటికి ఎనభై పాళ్ళకి పైగా నీళ్ళే గనక చక్కెర తగ్గిస్తే పొర పలుగురాయి అవుతుంది. ఇంకొక సంగతి: బాగా చల్లగా ఉన్న తీపి నాలుకకి తక్కువగా తెలుస్తుంది. కలిపేటప్పుడు రుచి చూస్తే ఒక పిసరు ఎక్కువే అనిపించాలి.

తెల్లపొరకి మీగడ, వడకట్టిన పెరుగు, ఒక డబ్బా చిక్కటి తియ్యపాలు. మా అన్నకి నాలుగు ఆవులు. రోజూ పాలకేంద్రానికి పోసే పాలల్లోంచి శుక్ర, శనివారాలు ఆరేసి లీటర్లు ఆపించి, కాచి చల్లార్చి, మీగడ తీసిపెట్టింది వదిన. ("పాలు కాచేదానికి పొయ్యి వెలిగిస్తిరి గదా" అని అమ్మ ఒక మాట విసిరింది. వెలిగించక తప్పదు. గడ్డకట్టినంతమాత్రాన పాలల్లోని క్రిములు చావవు, నిద్రపోతాయంతే. పచ్చిపాల మీగడ ఇటువంటివాటికి వాడకూడదు.) లీటరున్నర గట్టిపెరుగు పల్చటి గుడ్డలో మూటకట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి, ఫ్రిజ్ కింది అరలో ఐదారు గంటలు వదిలేశాం. వేసవిలో బయట వేలాడదీస్తే నీళ్ళు కారేలోపల పులిసిపోతుంది. కారిన నీళ్ళు పారబొయ్యలేదు. మజ్జిగలో పోసి ఉప్పూ కరివేపాకూ వేస్తే పిల్లకాయలు తాగేశారు.

మీగడ చిలకడం దగ్గర అమ్మ లేచి వచ్చింది. ఆ పని గిలక్కొట్టే యంత్రంతో నేను మొదలుపెట్టాను. మీగడా, గిన్నే రెండూ చల్లగా ఉండాలి. చిలికేకొద్దీ గాలి బుడగలు దూరి, మీగడ నురగలా లేచి చెంచా జాడ నిలుస్తుంది. ఆ గాలి, ఆ కొవ్వు, ఈ రెండే రేపు పొరని మెత్తగా ఉంచేవి. కాని ఒక్క అర నిమిషం ఎక్కువైతే నురగ విరిగి వెన్న పడుతుంది. ఇక ఎవరూ దాన్ని వెనక్కి తేలేరు. పుస్తకాల్లో 'మెత్తని శిఖరాలు నిలిచేవరకు' అని రాస్తారు. మా అమ్మ శిఖరాల వంక చూడనైనా లేదు. గోడకానుకొని కళ్ళు మూసుకొని వింటోంది.

"చాలించుమే! శబ్దం మారింది. ఇంకొక చుట్టు తిప్పితే వెన్న పడతాది."

ఆపి చూస్తే సరిగ్గా నిలిచింది. అరవయ్యేళ్ళు కవ్వం పట్టిన చెవి అది. అక్కడినుంచి ఆవిడ ఆ వంటకి పరాయిది కాకుండా పోయింది. కుర్చీ తెప్పించుకొని కూర్చుని, వడకట్టిన పెరుగూ తియ్యపాలూ ఆ మీగడలో తనే కలిపింది. చిలికినట్టు కాదు, అడుగునుంచి పైకి మడతపెట్టినట్టు. గట్టిగా తిప్పితే దూరిన గాలంతా పోతుందని నేను చెప్పబోతే, "తెలస్తా వుండాదిలే" అంది.

బిస్కట్లు మేరీ బిస్కట్లే. ఈ మేరీ ఎవరంటారా? రష్యా చక్రవర్తి కూతురు మరియా అలెగ్జాండ్రోవ్నా. ఆమెకి 1874లో విక్టోరియా రాణి కొడుకుతో పెళ్ళయినప్పుడు లండనులో ఒక బిస్కట్ల కంపెనీ ఆమె పేరు పెట్టి చేసింది. రాకుమారిని మనం మరిచిపోయి కాఫీలో ముంచుకుంటున్నాం. ఈ వంటకి అది తగిన బిస్కట్టు. తీపి తక్కువ, పలచన, తడి తగిలితే రాత్రికి కేకులాగా మెత్తబడుతుంది. చల్లటి పాలల్లో ఇలా ముంచి అలా తియ్యాలి. లోపలికి పాలు పట్టించామంటే ఆ నీళ్ళే గడ్డకట్టి పళ్ళకింద కరకరలాడతాయి.

ఇక అమెరికా ఇల్లాళ్ళకి తెలియని పొర ఒకటి మేము కలిపాం. చెనిక్కాయల చిక్కీ. మా జిల్లాలో చెనిక్కాయలకి లోటేమిటి? పలమనేరులో అంగట్లో అరకిలో చిక్కీ పలకలు కొనుక్కొచ్చి, గుడ్డలో చుట్టి రోకటితో నలగ్గొడితే రవ్వలాగా వచ్చింది. దీన్ని మామిడి పొరమీద చల్లకూడదు, తడికి బెల్లం కరిగిపోతుంది. మీగడలో కొవ్వు ఉంది గనక మీగడ మీద చల్లితే చాలాసేపు నలుగుడు పోదు. మెత్తటి పొరలన్నిటి మధ్య అక్కడొకటి అక్కడొకటి పంటికి తగులుతుంటే తినేవాడు నిద్రపోడు.

పాత్ర మాట. పలమనేరు కుమ్మరుల మట్టిపాత్రలు చాలా అందంగా ఉంటాయి. వాటిల్లో పెడితే బాగుంటుందని పిల్లలన్నారు. పెట్టుకోవడానికి బాగుంటుంది, గడ్డకట్టించడానికి కాదు. మట్టి నిదానం. స్టీలు త్వరగా చల్లబడుతుంది, మూతా ఉంటుంది. మూత ముఖ్యం, మీగడ ఏ వాసనైనా పీల్చుకుంటుంది, ఫ్రిజ్‌లో పక్కన వెల్లుల్లి కారం ఉంటే మర్నాడు మామిడిపండులో వెల్లుల్లి పలుకుతుంది. వెడల్పాటి స్టీలు డబ్బాలు రెండు తీసుకొని అడుగున బిస్కట్లు, మీద తెల్లది అరంగుళం, చిక్కీ రవ్వ, మళ్ళీ బిస్కట్లు, మీద మామిడి పావంగుళం, ఇలా రెండు వరసలు పేర్చి, అన్నిటికన్న పైన మామిడి పొర పరిచి మూతలు పెట్టాం. మొత్తం పనికి ముప్పావుగంట పట్టింది. పిల్లకాయలు అడ్డం లేకుండా ఉంటే అరగంటే.

డబ్బాలు పై అరలో పెట్టి తలుపు మూస్తుంటే చిన్నప్పటి పుల్ల ఐసు పెట్టె గుర్తొచ్చింది. సైకిలు వెనక కట్టుకొచ్చే ఆ చెక్కపెట్టె మూత చప్పుడు వింటే ఊరంతా పిల్లలం పరుగెత్తేవాళ్ళం. చల్లదనం మన దేశానికి ఎంత దూరం నుంచి వచ్చిందనుకుంటున్నారు! 1833లో బోస్టను నుంచి ఓడలో ఐసుగడ్డలు కలకత్తా చేరాయి. చెరువులమీద శీతకాలంలో కోసిన గడ్డలు, రంపపుపొట్టులో కప్పి, నాలుగు నెలలు సముద్రం మీద తెచ్చారు. మద్రాసు సముద్రపుటొడ్డున 1842లో కట్టిన ఐస్ హౌస్ అలాంటి గడ్డల్ని దాచేందుకే. 1897లో వివేకానందుడు ఆ భవనంలోనే బస చేశాడు. ఇప్పుడది ఆయన పేరు మీదే ఉంది. ఆ పైన ఐసులో ఉప్పు కలిపి సున్నకి ఇరవై డిగ్రీలు కిందికి తీసుకుపోయే చేతిమర వచ్చింది. ఇప్పుడు మా వంటింటి మూల ఆ తెల్లబీరువా సున్నకి పద్దెనిమిది డిగ్రీల కింద రాత్రింబగళ్ళు కూర్చుని ఉంటుంది. అందులో మేము కరివేపాకు దాచుకుంటాం.

శనివారం సాయంత్రం ఆరింటికి గాలివాన పట్టుకుంది. కొబ్బరిమట్టలు విరిగి తీగలమీద పడి కరెంటు పోయింది. అప్పటికి ఐసు పెట్టి రెండు గంటలే. ఇటువంటప్పుడు చెయ్యవలసిందల్లా తలుపు తియ్యకుండా ఉండడమే. మూసి ఉంచితే లోపలి చలవ కొన్ని గంటలు నిలుస్తుంది. సగం కట్టింది కరిగి మళ్ళీ కట్టిందంటే నీళ్ళు వేరుపడి ముళ్ళముళ్ళుగా తేలుతుంది. కాని ఆరేళ్ళ పిల్లాడికి ఇది చెప్పి ఒప్పించడం ఎవరి తరం? 'కరిగిందేమో ఒక్కసారి చూస్తాను' అని ఒకడు, వాడి వెనక నలుగురు. అమ్మ తన కుర్చీ తెచ్చి ఫ్రిజ్ తలుపుకి అడ్డంగా వేసుకుని, విసనకర్ర పుచ్చుకుని కూర్చుంది. తొమ్మిదిన్నరకి కరెంటు వచ్చేవరకు లేవలేదు. మిఠాయి వద్దన్న మనిషే మిఠాయికి కావలి కాసింది.

మర్నాడు మధ్యాహ్నం, భోజనాలకి కూర్చునేముందే డబ్బాలు పై అరనుంచి కింది అరకి మార్చాం. అరగంట అలా ఉంచితే చాకు దిగుతుంది. చాకు వేణ్ణీళ్ళలో ముంచి తుడిచి కోస్తే అంచులు చెదరవు. కోసిన ముక్కకి పక్కనుంచి చూస్తే పసుపూ తెలుపూ గోధుమరంగూ చారలు, జంపఖానా అంచులాగా. వదినా నేనూ పళ్ళాల్లో పెట్టి అందరికీ ఒకేసారి ఇచ్చేశాం. పెనం మీద ఒకటి కాలుతుండగా ఒకరు తినేది కాదు గదా. ఇరవై ఇద్దరికీ ఒకే నిమిషంలో ముట్టింది. అందరిలో అమ్మకీ ముట్టింది. పంచలో పెద్దమ్మకీ చిన్నమ్మకీ నడుమ, గాలాడేచోట కూర్చుని ఉంది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కాసేపు కరగనిచ్చింది.

"బాగుండాది," అంది. "ఓళిగ గాదనుకో. అయినా బాగుండాది."

పిల్లలు రెండోసారికి లేస్తున్నారు. మొగవాళ్ళ మాటలు ఎప్పటిలాగే మామిడికాయల మీదికి పోయాయి. ఎవరి బండి ఎన్ని రాత్రులు నిలిచింది, ఎవరు కాయలు రోడ్డుపక్కన పారబోసిపోయారు. చిన్నమ్మ కొడుకు మామూలుగా అడిగాడు:

"అయితే అన్నా, చెట్లు ఎప్పుడు కొట్టిస్తావు?"

"ఏ చెట్లు?" అంది అమ్మ.

అన్న చెంచా పళ్ళెంలో పెట్టేశాడు. పైచేలో డెబ్బై బెంగుళూరా చెట్లున్నాయి. నాన్న పెట్టినవి. కట్టెల వ్యాపారి వచ్చి చూసి బేరం చెప్పిపోయాడు. అక్కడ మల్బరీ పెట్టాలని అన్న ఆలోచన. మా పక్క చాలామంది పట్టుపురుగుల మీదికి తిరిగారు. ఏడాదికి ఐదారు పంటలు చేతికొస్తాయి, ఏడాదికొకసారి గేటు ముందు నిలబడే పని లేదు. ఇదంతా అన్న నేలకేసి చూస్తూ చెప్పాడు.

"నాకు ఒక్కరన్నా చెప్పినారా?"

"ఈ పంచలోనే గదమ్మా, నిరుటినించి చెప్పుకుంటానే వుండాం," అన్నాడు అన్న. విసుగు లేదు ఆ గొంతులో. "నువ్వెప్పుడు కూర్చున్నావు?"

ఎవరూ మాట్లాడలేదు. అమ్మ పళ్ళెంలో అడుగున అంటుకున్న బిస్కట్టు పొర చెంచాతో గీరి తినేసింది. తరవాత అడగడం మొదలుపెట్టింది. ఎన్ని టన్నులు తోలావు? కోత కూలి ఎంత? డీజిలెంత? నిరుడెంత వచ్చింది, అంతకు ముందేడు ఎంత వచ్చింది? అన్న ఒక్కొక్కటే చెప్పాడు. ఆవిడ వేళ్ళ కణుపులమీద లెక్క వేసుకుంది. ఆ లెక్క అయ్యేటప్పటికి పెద్దమ్మ పళ్ళెంలో మిగిలింది కరిగి నీళ్ళయింది.

"బావి కాడ ముప్పై వుండనీ," అంది చివరికి. "అవి ఏ యేడూ పిందె రాల్చలేదు. మిట్ట మీది నలభై నీ ఇష్టం."

"సరేమ్మా" అన్నాడు అన్న. దసరా వెళ్ళాక మిట్ట మీది నలభై కొట్టించాడు. ఆ నాలుగు రోజులూ అమ్మ పైచేను వైపు పోలేదని వదిన చెప్పింది.

ఆ ఆదివారం సాయంత్రానికి రెండో డబ్బాలో నాలుగు ముక్కలు మిగిలాయి. రెండు రాత్రులు గేటు ముందు ట్రాక్టరులో పడుకున్న కుర్రవాడికి అవి ఎత్తిపెట్టమంది అమ్మ. బస్సుకి వేళవుతోందని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ చిన్నమ్మ అడిగింది:

"వచ్చే ఏడు ఇదేనా అక్కా, ఓళిగలా?"

"ఓళిగలే," అంది అమ్మ. "పెనం కాడ కోడలు నిలబడతాది. నువ్వూ పెద్దక్కా పిండి కలుపుదురు. నేను ఈడ్నే, పంచలో కూర్చోని పూర్ణం ముద్దలు చేసిస్తా."